పల్లీలు లేని పంచమి

“పాప ఏం తిన్నదో ఎవరన్న జర నిజం చెప్పుండ్రమ్మా! అందరు ఏడుస్తుంటే నేనేం మందియ్యాలె?”

గద్వాలలోని ఆ చిన్న దవాఖానలో డాక్టర్ హెప్సిబా గొంతు పెంచి అడిగేసరికి అనంతమ్మ గోడకు అతుక్కుపోయింది. మంచం మీద ఐదేళ్ల మనవరాలు శ్రీజ... ఉగాదికని పొద్దున కట్టిన పట్టు పరికిణీతోనే పడి ఉంది. పెదవులు ఉబ్బిపోయాయి, కళ్లు మూసుకుపోయాయి, మెడ నిండా ఎర్రటి దద్దుర్లు. ఊపిరి అందక ఆ చిన్న ఛాతీ ఎగసెగసి పడుతోంది! గంట కింద నాయనమ్మ చేతి ముద్దలు తింటూ కిలకిలా నవ్విన పిల్లేనా ఇది?

“అత్తమ్మా! పొయ్యి కాడికి వచ్చి మరీ అడిగిన గద మిమ్మల్ని! వంకాయ కూరల పల్లీలు వేసిండ్రా అని అడిగిన గద! ఎయ్యలే అన్నరు గద!” కోడలు సౌజన్య గొంతు పగిలిపోయింది.

“ఒక్క చెంచా పొడి బిడ్డా... ఒక్క చెంచానే... పులుసు చిక్కబడలేదని...” అనంతమ్మ గొణిగింది.

డాక్టరమ్మ ఇక వినలేదు. సూది తీసి పిల్ల తొడకు గుచ్చింది, మూతికి గాలి మాస్కు పెట్టింది. ఆ తర్వాత గడిచిన ఇరవై నిమిషాలు అనంతమ్మకు ఇరవై ఏళ్లలా గడిచాయి. శ్రీజ ఊపిరి నెమ్మదించి, “అమ్మా...” అని సన్నగా పిలిచినప్పుడు సౌజన్య బిడ్డ కాళ్ల మీద పడి బావురుమంది. కొడుకు సుమన్ తల్లి వైపు చూడలేదు. చూడకుండానే అన్నాడు:

“అమ్మా, నువ్వు ఇంటికి పో.”

అంతే! తిట్టినా, నాలుగు మాటలన్నా బాగుండేది. వనపర్తిలో కాలేజీ పాఠాలు చెప్పుకునే కొడుకు, ఎన్నడూ తల్లికి ఎదురు చెప్పని కొడుకు... ఆ మూడు ముక్కలతో ఆమెను గుమ్మం బయట నిలబెట్టేశాడు.

తప్పు తనదే. మూడేళ్ల కింద వనపర్తి డాక్టర్లు ఈ పిల్లకు పల్లీలు పడవని, ఒక్క గింజ తిన్నా ప్రాణం మీదికి వస్తుందని చెప్పినప్పుడు అనంతమ్మ మనసులో నవ్వుకుంది. చట్నీలో పల్లీలు, కూరలో పల్లీల పొడి, తాలింపుకు పల్లీల నూనె. ఈ గడ్డ మీద పల్లీ పడని పిల్ల ఉంటుందా? ఇవన్నీ చదువుకున్న కోడళ్ల భయాలు అనుకుంది. అలవాటు చేస్తే అదే పోతుందని, ఒక చెంచాకు ఏమీ కాదని నమ్మింది. నమ్మడమే కాదు... అబద్ధం చెప్పి మరీ పెట్టింది!

కాని ఇంటికి నడిచిపోతున్న అనంతమ్మను దహిస్తున్నది ఆ అబద్ధం ఒక్కటే కాదు. ఆ ఉబ్బిన పెదవులను, ఆ ఎగపోతను ఆమె అంతకు ముందే ఒకసారి చూసింది. ముప్పై ఒక్క ఏళ్ల కింద... తన సొంత బిడ్డ ముఖంలో!

తుంగ! అనంతమ్మకు తొలి కాన్పు. మూడేళ్ల పిల్ల, పాలన్నం, పప్పన్నం తప్ప ఇంకేదీ ముట్టేది కాదు. అప్పటికి సుమన్ ఇంకా పాకుతున్నాడు. ఆ ఏడు నాగుల పంచమికి ఆడబిడ్డ జములమ్మ పుట్టింటికి వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో శంకరయ్యకిచ్చి చేసి నాలుగేళ్లయినా ఆమెకు కడుపు పండలేదు. ఆ ప్రేమంతా మేనకోడలి మీదే. బస్సు దిగి ఇంకా కాళ్లన్నా కడుక్కోకుండానే తుంగను చంకనేసుకుని, తాను చేసి తెచ్చిన పల్లీ ఉండల డబ్బా మూత తీసింది. అరగంట కాలేదు... పిల్ల పెదవులు ఉబ్బాయి, గొంతు బిగుసుకుంది. దవాఖానకు ఎత్తుకుని పరిగెత్తుతుంటే తండ్రి భుజం మీదే తల వాల్చేసింది!

గాలి సోకిందన్నారు కొందరు. పుట్ట దగ్గర మైల తగిలిందన్నారు ఇంకొందరు. అనంతమ్మ మాత్రం వీధి మధ్యలో నిలబడి, జుట్టు విరబోసుకుని, జములమ్మ వైపు వేలు చూపి అరిచింది. “పిల్లల్లేని దాని కండ్లు! ఈ కండ్లే నా బిడ్డను మింగినయి!” పుట్టకు పాలు పోసి వస్తున్న ఆడవాళ్లంతా ఆగి విన్నారు. మగ్గం నేసే భర్త బాలకిష్టయ్య, ఎన్నడూ చెల్లెలి మీద చెయ్యెత్తని మనిషి, ఆ దుఃఖంలో చెల్లెలి రెక్క పట్టి గడప దాటించాడు. ఆమె మళ్లీ పుట్టింటికి రాలేదు. ఆ మాట మాత్రం ఆమె కంటే ముందే నాగర్‌కర్నూల్ చేరింది. బారసాలకు, సీమంతానికి ఎవరూ ఆమెను పిలవలేదు. తర్వాత శంకరయ్య కూడా చనిపోయాడు. ఒంటరిగా జాకెట్లు కుట్టుకుని బతుకుతోందని ఎప్పుడో ఎవరో చెప్పారు. అనంతమ్మ విని ఊరుకుంది.

మర్నాడు పొద్దున్నే అనంతమ్మ ఒక్కతే మళ్లీ దవాఖానకు పోయింది. శ్రీజను అప్పటికే వనపర్తికి తీసుకుపోయారు. డాక్టర్ హెప్సిబా ఎదుట కూర్చుని తుంగ సంగతంతా చెప్పింది.

“ఇన్నేండ్ల తర్వాత నేను గట్టిగ చెప్పలేనమ్మా. కాని మీరు చెప్పిన గుర్తులన్నీ అవే. తెల్వక జరిగింది. ఎవరి తప్పు కాదు, మనసుకు పెట్టుకోకుండ్రి.”

ఎవరి తప్పూ కాదట! మరి శిక్ష ఒకరికి పడింది కదమ్మా... ముప్పై ఒక్క ఏళ్లు పడింది కదమ్మా!

భర్తకు చెప్పింది. బాలకిష్టయ్య చేతిలో పేక నూలు విసిరే నాడె అలాగే ఆగిపోయింది. “అయితే జముల తప్పేం లేదా?” అని ఒక్క మాట అడిగి, కాళ్లు దించి నేసే మగ్గం గుంటలోంచి లేవకుండా సాయంత్రం దాకా కూర్చున్నాడు. “పోయి తోలుకొద్దాం” అని ఆమె అంటే, “ఏ మొఖం పెట్టుకొని పోవాలె?” అన్నాడు.

నెలలు గడిచాయి. సౌజన్య ఫోన్లో మర్యాదగానే మాట్లాడేది. ఆ మర్యాదే అనంతమ్మను కోసేది. ఒకప్పుడు గంటసేపు ముచ్చట్లు చెప్పే పిల్ల ఇప్పుడు “తిన్నరా అత్తమ్మా, మంచిది అత్తమ్మా” అని పెట్టేసేది. శ్రావణం వచ్చింది. పంచమి ఇంకా పది రోజులుందనగా అనంతమ్మ ధైర్యం చేసి నాగర్‌కర్నూల్ బస్సెక్కింది.

రోడ్డు పక్కన చిన్న గది. లోపల కుట్టుమిషను, గోడకు వేలాడే జాకెట్లు. కళ్లద్దాలు పెట్టుకుని వంగి కుడుతున్న ఆ నెరిసిన తల ఎవరిదో గుర్తుపట్టడానికి అనంతమ్మకు క్షణం పట్టింది.

“ఎవరూ? జాకెట్ ఇయ్యనీకి వచ్చిండ్రా?”

“నేను జములా... అనంతమ్మను.”

మిషను ఆగిపోయింది. జములమ్మ అడిగిన మొదటి మాట, “అన్న బాగున్నడా?”

ఆ మాటకే అనంతమ్మ కూలిపోయింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. శ్రీజ సంగతి, డాక్టరమ్మ చెప్పిన సంగతి, తుంగను తీసుకుపోయింది దిష్టి కాదని, ఆ పల్లీలేనని. ఇది వింటే ఆడబిడ్డ గుండె బరువు దిగుతుందని అనుకుంది పాపం! జములమ్మ మాత్రం తన రెండు చేతులనూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

“అంటే... నా కండ్లు కాదు, నా చేతులంటవు!”

“జములా!”

“ముప్పై ఒక్క ఏండ్లు ఈ కండ్లను తిట్టుకున్న వదినె. పక్కింట్ల పిల్ల పుడితే తలుపేసుకున్న. ఎవరి బిడ్డన్న నవ్వుతుంటే తల తిప్పుకున్న. ఇప్పుడొచ్చి ఉండలంటున్నవు. ఉండలు చేసింది నేను గద! పల్లీలు వేయించింది, దంచింది, బెల్లం పాకం పట్టింది, అన్ని ఈ చేతులే గద! కండ్లన్న మూసుకుంట బతికిన. చేతులను యాడ దాచుకోవాలె చెప్పు!”

అనంతమ్మ నిర్ఘాంతపోయింది. ఇది తనకు తట్టనేలేదు! ఒక నింద తీసేద్దామని వచ్చి, అంతకంటే పెద్ద నింద ఆమె ఒళ్లో పెట్టేసింది. ఇక దాచడానికి దారి లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా భర్తకు చెప్పనిది, దేవుడి ముందు కూడా పలకనిది... గొంతులోంచి తన్నుకుని వచ్చింది.

“నీ చేతులు కాదు జములా... నావి! నువ్వు పెట్టింది చిటికెడే. తుంగ దాన్ని ఉమ్మేసింది. నోరు మండుతుందే అమ్మా అన్నది. నువ్వు నీళ్లు తేనీకి లోపలికి పోయినవు, యాదికుందా? ఆడబిడ్డ ప్రేమగ తెచ్చింది ఉమ్మేస్తే బాగుండదని... నేను దాని దవడ పట్టుకొని, మిగిలిన ఉండంత నేనే దాని నోట్లె కుక్కిన! వద్దు వద్దని తల తిప్పుతుంటే కుక్కిన! ఎందుకు సచ్చిపోయిందో నాకు అప్పుడు తెల్వదు. కాని నా చేతి ముద్దతోటే ఏదో అయిందని లోపల తెల్సు. అందుకే నీ మీద అంత గట్టిగ అరిచిన... నన్నెవరు అడగొద్దని!”

జములమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. లేచి చెంబుతో నీళ్లు తెచ్చి వదిన ముందు పెట్టింది.

“అన్నకు తెల్సునా?”

“తెల్వదు. ఎవ్వరికీ తెల్వదు.”

“నన్ను వీధిల నిలబెట్టి అన్నవు వదినె. ఊరంత విన్నది. ఇయ్యాల నా గదిల కూసోని నా చెవుల చెప్తే సరిపోతదా?” గొంతులో కోపం లేదు. అలసట మాత్రమే ఉంది. “నీళ్లు తాగు. మళ్ల బస్సు పోతది.”

“పంచమికి రా జములా...”

మిషను మళ్లీ మొదలైంది.

ఇంటికి వచ్చిన అనంతమ్మ సౌజన్యకు ఫోన్ చేసింది. “బిడ్డా, పంచమికి పాపను తీస్కరా. నేను వండ. పొయ్యి నీది, వంటిల్లు నీది. సామాను నువ్వే తెచ్చుకో, నువ్వే వండు. నేను గిన్నెలు కడిగిస్త, అంతే. నా చేతి ముద్ద పెట్టనని ఒట్టు.” “చూస్తం అత్తమ్మా” అంది సౌజన్య.

ఆ వారమంతా అనంతమ్మ ఇల్లు కడిగింది. పల్లీల నూనె డబ్బా, పొడి సీసాలు, పాత మిక్సీ జారు, అన్నీ ఇల్లు దాటించేసింది. అల్మారాలు సబ్బునీళ్లతో తుడిచింది. మగ్గం మీద చేతులాడినంత సేపూ వేయించిన పల్లీలు నములుతూ ఉండడం బాలకిష్టయ్యకు నలభై ఏళ్ల అలవాటు. మగ్గం గుంటలోకి దిగి, మూలల్లో ఇరుక్కున్న పొట్టును చీపురుపుల్లతో గీకి గీకి తీసింది. ఆ పొట్టు చూసినప్పుడల్లా ఆమెకు ఒక్కటే ఆలోచన. ఇంత జాగ్రత్త ఉగాదికి పడి ఉంటే! ఇంత జాగ్రత్త అప్పుడెప్పుడో... ఆ పిల్ల “మండుతుందే అమ్మా” అన్న ఆ ఒక్క మాట విని ఉంటే!

పంచమి పొద్దున ఎనిమిదింటికి కారు వచ్చి ఆగింది. సౌజన్య సంచుల నిండా సామాను దించింది. పప్పు, బియ్యం, నూనె, గరిటెలు కూడా. వంటింట్లోకి పోయి ఒక్కొక్క డబ్బా మూత తీసి చూసింది. ఇదివరకైతే అనంతమ్మకు ఒళ్లు మండేది. ఇవాళ మాత్రం, “ఆ పై అరల కూడ చూడు బిడ్డా” అని తానే స్టూలు తెచ్చి వేసింది. సౌజన్య కళ్లు తడిశాయి. పంచమి నాడు పెనం పెట్టరు కనుక ఆవిరి మీద కొబ్బరి కుడుములు, పప్పు, పరమాన్నం మొదలుపెట్టింది. శ్రీజ దూరంగా నిలబడి నాయనమ్మను చూస్తోంది. దగ్గరికి రావడానికి భయపడుతోంది...! అనంతమ్మ పిలవలేదు. పిలిచే హక్కు తనకు లేదనుకుంది.

పదింటికి పుట్టకు పాలు పోసి వీధిలోని ఆడవాళ్లు తిరిగి వస్తున్నారు. ముసలివాళ్లు, వాళ్ల కోడళ్లు, కోడళ్ల పిల్లలు. ఆనాడు నిలబడి విన్నవాళ్లలో ఆరేడుగురు ఇంకా ఉన్నారు. అనంతమ్మ చేతులు తుడుచుకుని వీధిలోకి నడిచింది.

“అమ్మా... జర ఆగుండ్రి. అందరు ఆగుండ్రి!”

ఆగారు.

“నా తుంగ సచ్చిపోయిన పొద్దు ఇక్కడనే నిలబడి మా జములమ్మను అనరాని మాటన్న. మీరంత విన్నరు. అది అబద్ధం. పిల్లకు పల్లీలు పడకపాయె. జములమ్మ పెట్టింది చిటికెడు. పిల్ల ఉమ్మితే బలవంతంగ నోట్లె కుక్కింది నేను! కన్నతల్లిని నేను! ఈ చేత్తోటి! నా తప్పు కప్పుకోనీకి ఆమె బతుకు మీద మన్ను పోసిన. ఈ మాట కూడ అందరికి చెప్పుండ్రి... ఆ మాట ఎంత దూరం పోయిందో ఇది గూడ అంత దూరం పోవాలె!”

ఒక ముసలమ్మ ముక్కు చీదుకుంటూ, “అయ్యో... సుమన్ పెండ్లికి గూడ రాకపాయె గదనే జములమ్మ...” అని కూలబడింది. అనంతమ్మ వెనక్కి తిరిగేసరికి గడపలో బాలకిష్టయ్య ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టు ఉంది.

“నేను దాని రెక్క పట్టి గుంజుతుంటే... నువ్వు చూసుకుంట నిలబడ్డవు” అన్నాడు మెల్లగా. “ఒక్క మాట అనకపోతివి!”

ఆయన పక్కకు తప్పుకుని ఆమెకు లోపలికి దారి ఇచ్చాడు. అంతే. ఆ రోజంతా మళ్లీ ఆమెతో మాట్లాడలేదు.

సుమన్ మాత్రం కారు తాళాలు తీసుకుని బయటికి వచ్చాడు. తనకొక అక్క ఉండేదని తెలుసు, ఎలా పోయిందో తెలియదు. మేనత్త ఉందని తెలుసు, ఎందుకు రాదో తెలియదు. “అడ్రస్ చెప్పమ్మా. నేను పోయి అత్తను తోలుకొస్త” అన్నాడు. ఉగాది తర్వాత కొడుకు ఆమె ముఖంలోకి చూసి మాట్లాడడం అదే మొదలు.

శ్రీజకు తినిపించి మిగిలినవాళ్లంతా కాచుకుని కూర్చున్నారు. మూడు కావస్తుండగా కారు వచ్చింది. జములమ్మ దిగింది. ఉతికిన నూలు చీర, ఖాళీ చేతులు. గడప ముందుకు వచ్చి ఆగిపోయింది. బాలకిష్టయ్య ఎదురుగా పోయాడు. అన్న చెయ్యి చాచాడు... ఆనాడు బయటికి తోసిన అదే చెయ్యి! చెల్లెలు దాన్ని పట్టుకుని గడప దాటింది.

“తినేదేం తేలే అన్నా” అంది. తర్వాత సౌజన్య వైపు తిరిగి, “సబ్బు ఏది బిడ్డా? పొద్దుగాల పల్లీల చట్నీ తిన్న. పిల్లను ముట్టాలంటే భయమైతుంది” అంది.

సౌజన్యకు ఏడుపు ఆగలేదు. తానే నీళ్లు పోసింది. జములమ్మ మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది.

అందరూ తినడానికి కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని జములమ్మ నమలలేకపోయింది. పుట్టింటి పంచమి భోజనం! అనంతమ్మ వడ్డిస్తూ ఆమె వెనక నిలబడి ఉంది. క్షమించమని అడగలేదు. జములమ్మ కూడా క్షమించానని అనలేదు. “కూసో వదినె, నువ్వు గూడ తిను” అని మాత్రం అంది.

తిన్నాక శ్రీజ మెల్లగా వచ్చి కొత్త అవ్వ పక్కన చేరింది. పొద్దున వీధిలో విన్నవన్నీ ఆ పిల్ల బుర్రలో తిరుగుతున్నట్టున్నాయి.

“అవ్వా, తుంగ అత్త ఎట్లుండె?”

ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆ రోజుల్లో ఎవరు తీయించారు! అనంతమ్మే కొంగుతో కళ్లొత్తుకుని చెప్పబోయింది. “నీ లెక్కనే ఉండె బంగారూ. నవ్వితే కుడి బుగ్గ మీద సొట్ట పడేది...”

“కుడి కాదు వదినె” అంది జములమ్మ మెత్తగా. “ఎడమ.”

అనంతమ్మ కళ్లు మూసుకుంది. వెతికింది. ఎడమా? కుడా? ఉబ్బిన ఆ ఆఖరి ముఖం తప్ప మరేదీ రావడం లేదు! కన్నతల్లి... నవ్వే ముఖం గుర్తులేని కన్నతల్లి! ఇన్నేళ్లూ అడుగుదామంటే, తన బిడ్డను తనంతగా ప్రేమించిన ఒకే ఒక్క మనిషిని ఈ గడప తొక్కనివ్వలేదు కదా!

“మర్చిపోయిన జములా... నా బిడ్డను నేను మర్చిపోయిన...”

జములమ్మ శ్రీజను ఒళ్లోకి తీసుకుంది. తర్వాత నిదానంగా మొదలుపెట్టింది.

“నాకు యాదికుంది. నడుస్తుంటే ఎడమ కాలు జర లోపలికి తిప్పేది. అత్తా అననీకి రాక ‘అచ్చా, అచ్చా’ అనేది...”

అనంతమ్మ ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, ఎవరో కొత్త పిల్ల గురించి వింటున్నట్టు, ఒక్కొక్క మాటా వింటూ ఉండిపోయింది.